అందరికీ ఇరవయ్యే

తెలుగులో కథలు రాసేవాళ్లు తగ్గిపోతున్నారని బెంగపెట్టుకున్నవాళ్లు ప్రాక్టికల్ పరీక్షల రోజుల్లో ఏదైనా జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌కి ఒకసారి వెళ్లి రావాలి. బ్రౌన్ అట్టలేసుకుని, లేబుళ్లు అంటించుకుని, బల్ల మీద గుట్టలుగా పేర్చిన రికార్డులు కనబడతాయి. ఒక్కొక్కటీ ఒక్కో సంపూర్ణ రచన. కుడివైపు గీతల పేజీలో కథ, ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిల్ బొమ్మలు. కథానాయకుడు పేరూ ఊరూ తెలియని ఒక సాల్ట్. మొదటి పేజీలో తెల్లగా, వాసన లేకుండా, మర్యాదగా ప్రవేశిస్తాడు. రెండో పేజీలో అతని మీద అనుమానాలు మొదలవుతాయి. నాలుగో పేజీ చివర బాక్సు గీసి అసలు పేరు బయటపెడతారు. ఈ కథల్లో ఒక్కదానికీ విషాదాంతం ఉండదు. టెస్ట్‌ట్యూబ్ పగలదు, బ్యూరెట్ కారదు, అవక్షేపం రావలసిన చోట రానని మొండికెయ్యదు. చేసిన ప్రతి ప్రయోగమూ మొదటిసారే ఫలించడమనే అద్భుతం ఏ నోబెల్ గ్రహీత ల్యాబ్‌లోనూ జరిగిన దాఖలా లేదు. మన రికార్డుల్లో అది ఏటా, ఏ హడావిడీ లేకుండా, సెక్షన్ల వారీగా జరిగిపోతోంది. ఇంత కల్పనాశక్తి పిల్లలకి ఎక్కణ్నుంచి వచ్చిందని ఆశ్చర్యపోనక్కర్లేదు. మనమే నేర్పాం. పిల్లల బుద్ధి వంకరై వాళ్లు అబద్ధం రాయడం లేదు. మన మార్కుల పద్ధతిలో నిజానికి ఒక్క మార్కు కూడా కేటాయించలేదు కాబట్టి రాస్తున్నారు. ఈ వ్యాసం నిరూపించదలచుకున్నది ఈ ఒక్క ముక్కే.

ముందు మార్కుల సంగతి చూద్దాం. మన ఇంటర్ బోర్డుల్లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కి 30 మార్కులు. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతిలోనూ 30 మార్కులే. అక్కడి పంపకం ఇలా ఉంటుంది: టైట్రేషన్‌కి 8, సాల్ట్ ఎనాలసిస్‌కి 8, పాఠానికి సంబంధించిన ఇంకో ప్రయోగానికి 6, ప్రాజెక్టుకి 4, ఏడాది పొడుగునా రాసిన రికార్డుకీ ఐదు నిమిషాల వైవాకీ కలిపి 4. అంటే నెలల తరబడి రాత్రిళ్లు కూర్చుని, వేళ్లు కాయలు కాసేలా రాసిన పుస్తకం విలువ వైవాతో పంచుకున్నాక మహా అయితే రెండు మూడు మార్కులు. అయినా దాన్ని రాయక తప్పదు. సంతకాలు లేని రికార్డు పట్టుకెళ్తే పరీక్ష గదిలోకే రానివ్వరు. ఆ సంతకాలు దేన్ని చూసి పెడతారన్నది అసలు ప్రశ్న. ఇండెక్స్‌లో తేదీ లేకపోతే ఎర్రసిరా పడుతుంది. మార్జిన్ కొట్టకపోతే పడుతుంది. హెడింగ్ కింద గీత లేకపోయినా, బొమ్మ పెన్సిల్‌తో కాక పెన్నుతో వేసినా, ఇన్‌ఫరెన్స్ గడి ఖాళీగా ఉన్నా పడుతుంది. ‘ఈ రీడింగు నీకు నిజంగా వచ్చిందా?’ అని ఎర్రసిరాతో రాసిన రికార్డు మాత్రం వెతికినా దొరకదు. అలా అడగడం సభామర్యాద కాదని సంతకం పెట్టేవాళ్లకీ రాసేవాళ్లకీ తెలుసు. రిజల్టు అనుకున్నదానితో సరిపోయిందా, సరే. పోలేదా, ‘రిపీట్’. రిపీట్ అంటే ప్రయోగం మళ్లీ చెయ్యమని కాదు, పేజీ మళ్లీ రాయమని.

ఒక పేజీని దగ్గర పెట్టుకుని చూద్దాం. పర్మాంగనేట్ టైట్రేషన్. పిపెట్‌తో 20 మిల్లీలీటర్ల మోర్ సాల్ట్ ద్రావణం ఫ్లాస్కులోకి తీసుకుని, కొంచెం సజల సల్ఫ్యూరిక్ ఆసిడ్ పోసి, బ్యూరెట్‌లోంచి పర్మాంగనేట్ వదులుతూ ఊపుతుండాలి. పడిన రంగు పడినట్టే మాయమవుతూ వచ్చి, ఒక చుక్క దగ్గర లేత గులాబీరంగు నిలిచిపోతుంది. అక్కడ ఆపాలి. మోర్ సాల్ట్ గాఢత 0.1 మోలార్, పర్మాంగనేట్ 0.02 మోలార్ అయితే లెక్క ప్రకారం సరిగ్గా 20 మిల్లీలీటర్లు పట్టాలి. ఇప్పుడు రికార్డు తెరిచి పట్టిక చూడండి: 20.1, 20.0, 20.0. మొదటి అంకె ఒక్క గీత ఎక్కువుండటం వినయానికి గుర్తు, మేమూ మనుషులమే అని చెప్పుకోవడం. మిగతా రెండూ కవలలు. మూడుసార్లూ బ్యూరెట్ సున్నా దగ్గరే మొదలవుతుంది, ఒక గీత పైకీ పోదు, కిందకీ పోదు. బ్యూరెట్ మీద గీతకీ గీతకీ మధ్య దూరం 0.1 మిల్లీలీటరు. దాని మూతిలోంచి రాలే ఒక్క చుక్కే సుమారు 0.05. పర్మాంగనేట్ ముదురు రంగు వల్ల ద్రవం కింది వంపు కనబడదు, పై అంచు పట్టుకుని చదవాలి. ఇలాంటి పనిలో పదిహేడేళ్ల పిల్లకి రెండుసార్లు ఒకే అంకె రావడంలో వింతేమీ లేదు. క్లాసులో అరవై మందికీ అవే మూడు అంకెలు అదే వరసలో రావడానికి మాత్రం రసాయన శాస్త్రం చాలదు, పూర్వజన్మ సుకృతం కావాలి.

అసలు తమాషా ఇంకా ముందుంది. పర్మాంగనేట్ నిలవుంటే బలం తగ్గే సరుకు. వెలుతురు తగిలినా, నీళ్లలో ఏ కాస్త సేంద్రియ మలినం ఉన్నా కొంత విరిగిపోయి మాంగనీస్ డయాక్సైడ్ అవుతుంది. అలా పుట్టిన మాంగనీస్ డయాక్సైడే మిగతాదాన్ని కూడా తొందరపెట్టి విరగ్గొడుతుంది. అందుకే పర్మాంగనేట్‌ని ఎంత జాగ్రత్తగా తూచి కలిపినా దాని గాఢత మీద నమ్మకం పెట్టుకోకూడదు, నమ్మదగిన ఇంకో ద్రావణంతో తేల్చుకోవాలి. ఈ ప్రయోగం పుట్టిందే అందుకు. వైవాలో ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు: పర్మాంగనేట్ ప్రైమరీ స్టాండర్డ్ ఎందుకు కాదు? పిల్లవాడు గుక్క తిప్పుకోకుండా చెబుతాడు: నిలకడ లేనిది కాబట్టి. ఆ నిలకడ లేనిదానికే అదే పిల్లవాడు అదే పూట అరవై మందితో కలిసి 20.0 వేస్తాడు. సెలవులకి ముందెప్పుడో కలిపి, కిటికీ పక్కన సీసాలో పెట్టిన ద్రావణానికి ఒకమ్మాయికి 21.3 పట్టిందనుకుందాం. లెక్క కడితే గాఢత 0.0188 మోలార్ తేలుతుంది. ఆ సీసా గురించి ఆ గదిలో దొరికిన ఒకే ఒక్క నిజం బహుశా అదే. ఆ అమ్మాయి ఏం చేస్తుంది? పక్క బల్ల వంక చూస్తుంది, ఇంకో పక్కా చూస్తుంది, 21.3 కొట్టేస్తుంది. 0.02ని ముందు రాసుకుని వెనక నుంచి లెక్క కట్టి 20.0 తెచ్చుకుంటుంది. నిజం చెప్పినందుకు మార్కు పోగొట్టుకునే ధైర్యం ఆ వయసులో ఉండాలని ఆశించడం న్యాయం కాదు, ఏ వయసులో ఉంటుంది గనక!

పైగా తప్పు రీడింగులకి ఊరూ పేరూ ఇంటిపేరూ ఉంటాయి. సల్ఫ్యూరిక్ బదులు హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పోస్తే పర్మాంగనేట్ మోర్ సాల్ట్‌లోని ఇనుముతో ఆగకుండా క్లోరైడ్‌ని కూడా ఆక్సీకరించి ఎక్కువ ఖర్చవుతుంది. నైట్రిక్ పోస్తే ఇనుమును ఆ ఆసిడే ఆక్సీకరించేసి పర్మాంగనేట్‌కి పని తగ్గిస్తుంది. ఆసిడ్ చాలకపోతే గులాబీరంగు బదులు గోధుమరంగు మడ్డి దిగుతుంది. మోర్ సాల్ట్ ద్రావణం రోజుల తరబడి నిలవుంటే గాలికి కొంత ఆక్సీకరణమై రీడింగు 20 కంటే కిందకి జారుతుంది. అంటే 21.3కి ఒక జాతకం, 19.1కి ఇంకో జాతకం. 20.0కి ఏ జాతకమూ లేదు, అది పుట్టలేదు కాబట్టి. ఒక్క తప్పు రీడింగుని కూర్చుని విప్పితే బయటపడే రసాయన శాస్త్రం, ఒప్పు రీడింగులున్న అరవై రికార్డుల్ని కలిపి పిండినా రాదు.

సాల్ట్ ఎనాలసిస్‌కి వస్తే కల్పన ఇంకా చిక్కబడుతుంది. నైట్రేట్ ఉందో లేదో తేల్చే గోధుమ వలయ పరీక్ష తీసుకోండి. దానికి ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం అప్పటికప్పుడు కలిపి వాడాలి. నిలవుంటే గాలికి ఫెర్రిక్‌గా మారిపోయి వలయం కట్టదు. ఆ సీసా ఏ సంవత్సరందో లేబుల్ మీద చెరిగిపోయిన చోట్ల కూడా రికార్డుల్లో వలయం గుండ్రంగా, నిండుగా, స్కెచ్ పెన్నుతో వేసినంత స్పష్టంగా కడుతూనే ఉంది. నిజానికి అది స్కెచ్ పెన్నే. జ్వాలా పరీక్షలో కాల్షియంకి ఇటుక ఎరుపు, స్ట్రాన్షియంకి ముదురు ఎరుపు, బేరియంకి ఆకుపచ్చ రావాలని పుస్తకం చెబుతుంది. తీగ సరిగ్గా కడక్కపోయినా, వేళ్ల చెమట అంటినా, అందులోని ఏ కాస్త సోడియమో పసుపుపచ్చగా మండి మిగతా రంగులన్నిట్నీ మింగేస్తుంది. ముప్ఫై చేతులు మారిన తీగతో నిజాయితీగా రాస్తే సగంమంది ‘పసుపు’ అని రాయాలి. ఒక్కరూ రాయరు. రెండో గ్రూపులో హైడ్రోజన్ సల్ఫైడ్ పంపితే నల్లటి అవక్షేపం వస్తుంది. ఆ గ్యాసుని తయారుచేసే కిప్స్ ఆపరేటస్ అద్దాల బీరువాలో దుమ్ముపట్టి ఉన్న కాలేజీలోనూ వస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన ఎరగని పిల్లలు ఆ వాసన గురించి అనుభవజ్ఞుల్లా రాస్తారు. ఇక నీలంగా మెరిసే సాల్ట్ చేతిలో పడగానే కాపర్ అని చంటిపిల్లలకి కూడా తెలిసిపోతుంది. అయినా రికార్డులో జీరో గ్రూపు దగ్గర అమాయకంగా మొదలుపెట్టి, అమోనియం లేదని నిర్ధారించి, మొదటి గ్రూపూ లేదని నిట్టూర్చి, అప్పుడు రెండో గ్రూపులో కాపర్‌ని చూసి ఆశ్చర్యపోవాలి. 1841లో ఫ్రెసీనియస్ అనే జర్మన్ కుర్రాడు అచ్చువేసిన పుస్తకంతో ఈ వరస పరీక్షల పద్ధతి దేశదేశాలకి పాకింది. తెలియనిదాన్ని తెలుసుకోవడానికి ఆయన వేసిన దారి మీద మనం తెలిసినదాన్ని తెలియనట్టు నటిస్తూ నడుస్తున్నాం.

పిల్లలే ఇలా చేస్తున్నారని అనుకోవడానికి వీల్లేదు. చుట్టుపక్కల వాళ్ల అంకెతో సర్దుకుపోవాలన్న కోరిక డాక్టరేట్లు వచ్చినా వదలదు. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని నూనె చుక్కలతో కొలిచిన మిల్లికన్ ఫలితంలో చిన్న లోపం ఉంది. గాలి స్నిగ్ధతకి ఆయన వాడిన విలువ సరైంది కాకపోవడంతో అంకె కొంచెం తక్కువ వచ్చింది. తర్వాత కొలిచినవాళ్లు ఒక్కసారిగా సరైన విలువకి చేరలేదు. ఒకరు మిల్లికన్ కంటే కాస్త ఎక్కువ, ఇంకొకరు ఆయన కంటే ఇంకాస్త ఎక్కువ, ఇలా మెట్లెక్కుతూ చేరారు. ఈ సంగతిని భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ 1974లో కాల్‌టెక్ స్నాతకోత్సవ ప్రసంగంలో చెప్పి, కారణం కూడా విప్పాడు: పెద్దాయన అంకెకి మరీ దూరంగా వస్తే ఎక్కడో తప్పు జరిగిందని గట్టిగా వెతికేవారు, దగ్గరగా వస్తే వెతకడం మానేసేవారు. పేరున్న శాస్త్రవేత్తలే పక్కవాడి పట్టిక వంక చూశారంటే, 30 మార్కుల పరీక్షకి కూర్చున్న పిల్లని నిందించి లాభం లేదు.

అలా సర్దుకుపోనివాళ్ల వల్ల ఏం జరిగిందో కూడా చూడాలి. 1785లో హెన్రీ కావెండిష్ గాలిలోని నైట్రోజన్‌ని విద్యుత్ నిప్పురవ్వలతో ఆక్సిజన్‌తో కలిపి, క్షారంలో పీల్చేయించి, మొత్తం ఖాళీ చేసే ప్రయత్నం చేశాడు. ఎంతసేపు చేసినా చివర ఒక చిన్న బుడగ మిగిలిపోయింది. తీసుకున్న నైట్రోజన్‌లో 120వ వంతుకి మించదు. అదేమిటో ఆయనకి తెలియదు. కానీ ఉందని రాసిపెట్టాడు. మన పద్ధతిలో అయితే ఆ బుడగ ఫెయిర్ రికార్డుకి చేరేదే కాదు. నూరేళ్లు దాటాక లార్డ్ రేలీకి ఇంకో చిక్కు వచ్చింది. ఒకే గాజు గోళంలో, గాలిలోంచి తీసిన నైట్రోజన్ సుమారు 2.310 గ్రాములు తూగుతుంటే, అమోనియా లాంటి పదార్థాల నుంచి తీసిన నైట్రోజన్ సుమారు 2.299 గ్రాములే తూగింది. తేడా నూటికి అరవంతు. మన ల్యాబ్‌లో దాన్ని తేడా అని కూడా అనం, గాలి వీచిందంటాం. రేలీ దాన్ని, మొదట ఇంకా చిన్నగా కనబడ్డప్పుడే, సర్దెయ్యకుండా, నాకు అర్థం కావడం లేదు, ఎవరైనా చెప్పండంటూ 1892లో నేచర్ పత్రికకి ఉత్తరం రాశాడు. తర్వాత రసాయన శాస్త్రవేత్త రామ్సేతో కలిసి తవ్వితే 1894లో బయటపడింది ఆర్గాన్, మనం పీల్చే గాలిలో నూటికి దాదాపు ఒక పాలు ఉండి కూడా అంతకాలం ఎవరికీ చిక్కనిది. 1904లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కావెండిష్ బుడగ ఆర్గానేనని కూడా అలా తేలింది. రేలీ పక్కవాడి పట్టిక చూసి రెండుచోట్లా 2.310 వేసుకుంటే పేజీ చాలా నీట్‌గా ఉండేది.

ఈ ఉదాహరణ దొరలది, మనకెందుకంటారేమో. మనవాడిదే చెబుతాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ని నీలంరంగు చిక్కదనంతో కొలిచే పద్ధతి తయారుచేశాడు. 1925లో అచ్చయిన ఆ పద్ధతి ఫిస్క్–సుబ్బారావు పేరుతోనే నిలిచింది. దాన్ని కండరాల రసం మీద వాడి చూస్తే రంగు రావలసినంత వేగంగా రాలేదు, మెల్లగా తేలుతూ వచ్చింది. ఇంకో పది నిమిషాలు ఆగి, రంగు నిండాక సరైన రీడింగు రాసుకుని ఇంటికి పోవచ్చు. ఆ ఇద్దరూ ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఏదో నిలకడ లేని ఫాస్ఫరస్ పదార్థం ఆసిడ్‌లో మెల్లమెల్లగా విరుగుతోందని, అందుకే రంగు ఆలస్యమవుతోందని తేల్చారు. కండరాల శక్తికి ఆయువుపట్టయిన ఫాస్ఫోక్రియాటిన్ అలా 1927లో లోకానికి తెలిసింది. సుబ్బారావు ఫొటో గోడకి తగిలించిన ల్యాబ్‌లోనే ‘రంగు ఆలస్యంగా వచ్చింది’ అని రాసిన పిల్లకి ఎర్రసిరా పడుతోంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, వినదగినదే. సైన్స్ కనిపెట్టడం వేరు, ఉద్యోగం చెయ్యడం వేరు. ఇంటర్ పిల్లలందరూ రేలీలు కారు. రేపు హైదరాబాద్ చుట్టూ ఉన్న మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లకి కావలసింది కచ్చితమైన జవాబు, నీటైన రికార్డు. తప్పులకి మార్కులేస్తే మందుబిళ్లలో మందు తప్పుతుంది. బాగానే ఉంది. అయితే ఆ కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ నియమాలు ఒకసారి చూడండి. అక్కడ రీడింగుని చూసిన క్షణాన, చూసినవాడే, అసలు పుస్తకంలోనే రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి, కింద అంకె కనబడేలా ఉంచి, పక్కన కారణమూ సంతకమూ తేదీ వెయ్యాలి. వైట్‌నర్ పూయడం నేరంతో సమానం. చిత్తుకాగితం మీద రాసుకుని తర్వాత ఫెయిర్ చెయ్యడం అంతకంటే నేరం. అనుకున్న జవాబు రాకపోతే ఎందుకు రాలేదో విచారణ జరిపి కాగితం మీద పెట్టాలి. వచ్చేదాకా పరీక్షలు చేసి, వచ్చినదాన్నే చూపించడం కుదరదు. ఈ నియమాలు తప్పినందుకే అమెరికా ఎఫ్‌డీఏ మన దేశపు కంపెనీలకి వార్నింగ్ లెటర్లు పంపింది, ఆ తంటాకి డేటా ఇంటెగ్రిటీ అని పేరు. ఇప్పుడు మన రికార్డు పద్ధతి దీని పక్కన పెట్టి చూడండి. అబ్జర్వేషన్ బుక్ చిత్తు, రికార్డు ఫెయిర్. కొట్టివేత ఉంటే మార్కు కోత. జులైలో జరిగిన ప్రయోగాన్ని డిసెంబరులో ఒక్క రాత్రి కూర్చుని జులై తేదీతో రాస్తారు. తేడా వస్తే విచారణ ఉండదు, పేజీ మార్పు ఉంటుంది. ఉద్యోగానికి పనికొచ్చే చదువు కావాలనే వాదన మీదే నిలబడి చూసినా, మనం రెండేళ్లు కష్టపడి నేర్పుతున్నది ఆ ఉద్యోగం ఊడగొట్టే విద్య.

ఇంకో అభ్యంతరం మరీ చురుకైనది. తప్పులకీ, తేడాలకీ మార్కులేస్తామని ప్రకటించిన మర్నాడే ఇప్పుడు ఒప్పులకి ఉన్నట్టే తప్పులకి కూడా జూనియర్లు చూసి రాసుకునే సీనియర్ల రికార్డు తయారవుతుంది. జిరాక్స్ షాపులో ‘ఎర్రర్స్ విత్ రీజన్స్’ అనే గైడు దొరుకుతుంది. అరవై మందికీ 21.3 వస్తుంది. మన జాతి ప్రతిభ మీద నమ్మకమున్న ఎవరైనా ఇది ఒప్పుకోవాలి. కానీ దీనికి మందు చవకది. ఒకే పర్మాంగనేట్‌ని నాలుగు సీసాల్లో పోసి, మూడింట్లో వేర్వేరు పాళ్లలో నీళ్లు కలిపి, ఏది ఎవరికిచ్చారో ఎగ్జామినర్ చీటీ మీద రాసుకుంటే చాలు. అయ్యే ఖర్చు నీళ్లది. అప్పుడు పక్కవాడి అంకె ఎత్తి రాస్తే అది పక్కవాడి సీసా అంకె అవుతుంది. అంతేకాక, నమ్మదగిన తప్పు పుట్టించడానికి కూడా చదువు కావాలి. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వల్ల రీడింగు పెరిగిందని అబద్ధం రాయాలంటే ఎందుకు పెరుగుతుందో తెలిసుండాలి. ఇప్పటి అబద్ధానికి ఏమీ తెలియనక్కర్లేదు. రసాయన శాస్త్రం నేర్చుకుని మరీ ఆడే అబద్ధానికి ఒకటో రెండో మార్కులు పోయినా బోర్డుకి నష్టం లేదు.

ఎగ్జామినర్‌కి తీరిక ఏదీ అన్నది మూడో మాట. బ్యాచ్ వెనక బ్యాచ్, ఒకే పూట సాల్టూ టైట్రేషనూ వైవా, మధ్యలో కాలేజీవారి మర్యాదలు. ఇంతలో ప్రతి అంకె వెనకా కథ వినమంటే ఎలా? నిజమే, కానీ ఇప్పుడు ఆయన తీరిక దేనికి ఖర్చవుతోంది? ఇండెక్స్‌లో వరస సంఖ్యలు చూడటానికి, బోనఫైడ్ సర్టిఫికెట్ మీద ముద్ర ఉందో లేదో చూడటానికి. ఆ సమయంలో మూడు రీడింగుల మీద కన్ను వేసి, లెక్క వాటిలోంచే వచ్చిందో లేదో చూడటం అంతకంటే ఎక్కువ పనేం కాదు. ఇక చాలాచోట్ల అందరికీ 30కి 30 పడిపోతున్నాయి కదా, ఈ గొడవంతా ఎందుకనేవాళ్లూ ఉన్నారు. అందరికీ 30 వేయదలచుకుంటే పిల్లలచేత అబద్ధం రాయించకుండానే వెయ్యొచ్చు. ఉచితంగా ఇచ్చేదానికి దొంగ పత్రాలు అడగడం ఏ సంక్షేమ పథకంలోనూ లేదు. అందంగా రాయడం తప్పని కూడా ఎవరూ అనరు. చదవడానికి వీల్లేని అంకె నిజమైనా అబద్ధమైనా ఒకటే. మార్జిన్ కొట్టమనండి, హెడింగ్ కింద గీత గీయమనండి. గీత పైనున్న అంకె కూడా ఒకసారి చూడండి, అంతే.

కాబట్టి టైట్రేషన్‌కున్న 8 మార్కుల్ని ఇలా పంచితే సరిపోతుంది. బ్యూరెట్ దగ్గర నిలబడి, సిరాతో, కొట్టివేతలతో సహా అప్పటికప్పుడు రాసిన రీడింగులకి 2. పని చేసే తీరుకీ, చేతికిచ్చిన సీసాకి దగ్గరగా వచ్చిన జవాబుకీ 2. లెక్క పక్కవాడి రీడింగుల్లోంచి కాక తన రీడింగుల్లోంచే వచ్చినందుకు 2. తేడా వస్తే ఎందుకొచ్చి ఉంటుందో, రాకపోతే ఎక్కడ రావడానికి అవకాశం ఉందో రెండు వాక్యాల్లో చెప్పినందుకు 2. సాల్ట్‌కీ ఇదే పంపకం: వలయం రాకపోతే ‘రాలేదు, ఫెర్రస్ సల్ఫేట్ పాతది కావచ్చు’ అని రాసినవాడికి, స్కెచ్ పెన్నుతో వలయం గీసినవాడి కంటే ఎక్కువ పడాలి. దీనికి కొత్త సిలబస్ అక్కర్లేదు, కొత్త బిల్డింగూ అక్కర్లేదు. సీనియర్ల రికార్డులు మాత్రం చిత్తుకాగితాల కొట్టుకి పోతాయి, వాటిని అమ్ముకునేవాళ్లకి క్షమాపణలు. ఇదంతా బోర్డు దాకా వెళ్లి జీవోగా తిరిగొచ్చే లోపల, ఈ ఏడాది రికార్డుల కట్ట ముందు కూర్చోబోయే ఎగ్జామినర్ గారికి ఒక్కటే విన్నపం. ఎక్కడైనా 21.3 కనబడితే దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టే ముందు ఆ సీసా తెప్పించి మీరే ఒకసారి టైట్రేషన్ చెయ్యండి. మీకు 20 వస్తే ఆ అమ్మాయికి మార్కు కొయ్యండి. 21.3 వస్తే మిగతా యాభై తొమ్మిది మందికి కొయ్యండి.